ఈశ్వరప్ప సారూ నలభై మూడు గాలిష్ మాటలూ

ఈశ్వరప్ప సారు దగ్గర ఒక ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. మొదటి రెండక్షరాలనూ చెదలు తినేశాయి, పుస్తకం మూడో అక్షరం నుంచి మొదలయ్యేది. ఆ రెండక్షరాల మాటలేవీ సారుకు రావని తోటి టీచర్లు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన నవ్వేసేవాడు. నిజంగానే రావేమోనని లోపల్లోపల ఒక అనుమానం కూడా ఉండేది పాపం.

ఆ పుస్తకం ఆయనకు తండ్రి ఇచ్చిన ఆస్తి. ఆస్తంటే అదొక్కటే. తండ్రి ఆంజినప్ప గుంతకల్లులో రైల్వే గ్యాంగ్‌మన్. పట్టాల కింద కంకర సర్దడం, బోల్టులు బిగించడం, ఎండకు మాడడం ఆయన ఉద్యోగం. ఒకసారి రైల్వే క్లబ్బులో బీరువాలు శుభ్రం చేస్తూ పాత పుస్తకాలను వరండాలో కుప్ప పోసి, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మన్నారు. ఆంజినప్పకు అక్షరం ముక్క రాదు. అన్నిట్లోకీ లావుగా ఉన్నదాన్ని చూసి, ఇందులో చదువు ఎక్కువుంటుందని దాన్నే చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. "ఇదంతా చదివితే నువ్వు గార్డు అయితావురా" అన్నాడు కొడుకుతో. కొడుకు అంతా చదివాడు. గార్డు కాలేదు, ఉరవకొండ దాపున నల్లగుట్లపల్లి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరయ్యాడు.

ఆ నిఘంటువులో ప్రతి మాట పక్కనా అది ఏ భాష నుంచి వచ్చిందో చిన్న అక్షరాల్లో వేసి ఉండేది. లాటిన్ నుంచి, గ్రీకు నుంచి, ఫ్రెంచి నుంచి. అన్నీ పెద్దింటి పేర్లే. కార్ అనే మాట దగ్గర మాత్రం ఎన్నడూ వినని పేరొకటి కనబడింది. గాలిష్. ఎవరబ్బా వీళ్ళు అని సారు అనంతపురం గ్రంథాలయం చుట్టూ నాలుగు సెలవుల్లో తిరిగి కనుక్కొచ్చాడు. ఇప్పుడు ఫ్రాన్సు అనే దేశంలో రెండు వేల ఏళ్ళ కిందట గాల్ అనే జనం ఉండేవాళ్ళట. రోమ్ సైన్యాలు వచ్చి వాళ్ళను ఓడించాయట. ఓడినవాళ్ళు మెల్లమెల్లగా గెలిచినవాళ్ళ భాషే నేర్చుకున్నారు. కొన్ని వందల ఏళ్ళు గడిచేసరికి ఆ భాష మాట్లాడే మనిషి ఒక్కడూ మిగల్లేదు. మిగిలిందల్లా అక్కడక్కడ కొన్ని మాటలు. అవి లాటిన్‌లో దూరి, ఫ్రెంచిలో నలిగి, చివరకు ఇంగ్లీషులో తేలాయి.

ఇంతవరకూ అయితే ఎవరైనా చదివి పక్కన పడేస్తారు. ఈశ్వరప్ప సారు పడెయ్యలేకపోయాడు. ఏ మాటలు మిగిలాయో చూడండి. బండిని చెప్పే కార్, దాని కడుపున పుట్టిన క్యారీ, క్యారేజీ, ఛార్జ్, కార్గో. ఒకటిచ్చి ఒకటి పుచ్చుకునే ఛేంజ్. గొర్రె మాంసానికి మటన్. ముక్కకు పీస్. కంకరకు గ్రావెల్. కోసిన చేలో రాలింది ఏరుకోవడానికి గ్లీన్. ఒకటి రెండు ఈటెలూ బల్లేలూ కూడా ఉన్నాయి గానీ సారు కళ్ళు వాటి మీద ఆగలేదు. బండ్లు తోలేవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు, రాళ్ళు మోసేవాళ్ళు, పరిగె ఏరుకునేవాళ్ళు. ఇది మన గుంతకల్లు తాలూకానే గదా అనుకున్నాడు. తన నాయన ముప్ఫై ఏళ్ళు మోసిన కంకర పేరు వెనకాల ఓడిపోయిన మనుషులున్నారని తెలిసి ఆయనకు ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. భార్య నాగలక్ష్మమ్మ పొయ్యి దగ్గర్నించి పరుగెత్తుకొచ్చింది.

"ఏమప్పా, ఎవరు పోయినారు?" అంది.

"గాల్ వాళ్ళు" అన్నాడు సారు.

"మనకేమైతారు?"

"ఏమీ కారులే. శానా దినాలైంది వాళ్ళు పోయి."

నాగలక్ష్మమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి, పొయ్యి మీద చారు పొంగుతోందని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సారు ఒక నోటుబుక్కు పెట్టాడు. నిఘంటువులో ప్రతి పుటా వెతికి ఆ భాష నుంచి వచ్చినవన్నీ అందులో ఎక్కించాడు. అనుమానం ఉన్నవాటి పక్కన ప్రశ్న గుర్తు వేశాడు. మొత్తం నలభై మూడు తేలాయి. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పదో తరగతికి ఒక్కో మాట కథ చెప్పేవాడు. పరీక్షల్లో రాదు కాబట్టి పిల్లలు హాయిగా వినేవాళ్ళు. బయటికొచ్చి గాలిసారు అని నవ్వుకునేవాళ్ళు. ఆ పేరు ఊరంతా పాకింది.

హెడ్మాస్టరు హనుమంతప్ప చెడ్డవాడు కాదు. "నువ్వు చెప్పేది బాగుంటాది ఈశ్వరప్పా, నేను గూడ కిటికీ కాడ నిలబడి విన్యా. అయితే దాంతో మార్కులొస్తాయా?" అని అడిగేవాడు. పదో తరగతి ఇంగ్లీషులో ఆ స్కూల్లో సగం మంది కూడా గట్టెక్కేవాళ్ళు కాదు. తప్పంతా సారుదనడానికీ లేదు. పంట పోయిన ఏడు పెద్దవాళ్ళు బళ్ళారి దిక్కు కాలువల కింద కోతలకు సుగ్గికని పోతే, పిల్లలు కూడా వెంబడే పోయేవాళ్ళు. మూడు నెలల తర్వాత వచ్చిన పిల్లకు, పోయేముందు చదివింది ఏం గుర్తుంటుంది? అయినా మార్కుల పట్టీ ముందు ఈ మాటలన్నీ పనికిరావు కదా.

ఎనభయ్యో సంవత్సరం వాన మొహం చాటేసింది. వేరుశనగ ఊడలు దిగే వేళకు నేల బండరాయి అయింది. ఆ కార్తీకంలోనే ఓబమ్మ తన కూతుర్ని వెంటబెట్టుకుని సారు ఇంటికి వచ్చింది.

ఓబమ్మ మొగుడు పోయి ఆరేళ్ళు. కూలి చేసి బతికే మనిషి. కూతురు బయమ్మ చదువులో చురుకే. లెక్కల్లో అరవై నాలుగు, సైన్సులో డెబ్భై తెచ్చుకుంది. ఇంగ్లీషు ఒక్కటే పట్టుకుని పీడించింది. మార్చిలో ఇరవై ఏడు, సెప్టెంబర్‌లో ఇరవై తొమ్మిది. ముప్ఫై అయిదు వస్తేనే పాసు. పదో తరగతి పాసైతే అనంతపురంలో నర్సమ్మల శిక్షణలో చేర్చుకుంటారనీ, తిండీ గుడ్డా వాళ్ళే చూస్తారనీ, రెండేళ్ళ తర్వాత ప్రభుత్వ ఉద్యోగమనీ టీకాలేసే నర్సమ్మ చెప్పిపోయింది. అప్పటినుంచీ ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు.

"ఈ ఒక్క తూరి చూస్తా సార్" అంది ఓబమ్మ గడప బయటే నిలబడి. "దీని పరీచ్చ కోసరం ఈ యేడు సుగ్గికి పోకుండా నిలిచిపోయినా. తినేకి ఏముండాదో దేవునికే ఎరుక. మల్ల తప్పితే మేస్త్రీ వెంబడి కాలువ మట్టిపనికి తీసుకపోతా. ఇంగ నాతో కాదు. దీన్ని గట్టెక్కించు సార్."

"నేను చూసుకుంటాలే ఓబమ్మా, నువ్వు నిమ్మళంగా పో" అన్నాడు సారు. ఆ మాట ఆయన నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో, తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆయనకే అర్థం కాలేదు.

బయమ్మకు ఇంగ్లీషు ఎందుకు రాదో మొదటి వారంలోనే తేలింది. గైడులో వ్యాసాలు బట్టీ పట్టేది. పరీక్షలో మధ్యలో ఒక్క వాక్యం జారిపోయిందా, దాని వెనకాల ఉన్నవన్నీ పోయేవి. అక్కడే పెన్ను పట్టుకుని బిగుసుకుపోయేది. రెండుసార్లూ అదే జరిగింది. పుస్తకం తెరిస్తే చాలు, ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు.

ఒకరోజు సాయంత్రం బడి వదిలాక వచ్చింది. వేళ్ళు పగిలి, గోళ్ళ నిండా మట్టి.

"యాడికి పోయింటివి?" అన్నాడు సారు.

"పరిగెకు సార్. ఈరన్న చేను వదిలినారు."

సారుకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా నోటుబుక్కులో ఆ మాట రాసి పెట్టుకున్నాడు గానీ, ఆ పని ఎలా చేస్తారో ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. "ఎట్ల ఏరుతారో చెప్పు చూద్దాం" అన్నాడు.

ఆ పిల్ల చెప్పింది. చెట్లు పీకి, కాయలు కొట్టి, కూలివాళ్ళతో రెండోసారి ఏరించుకున్నాకే ఆసామి పరిగెకు ఒప్పుకుంటాడు. ఆడవాళ్ళంతా గంపలు పెట్టుకుని గట్టు మీద కూర్చుంటారు. ఆసామి ఆఖరి మూట బండికెత్తి, చేను వదిలినామని ఒక కేక వేస్తాడు. ఆ కేక పడేదాకా ఎవరూ గట్టు దిగరు. రాలిన కాయ కాళ్ళ ముందు కనబడుతున్నా సరే, చెయ్యి పెట్టరు. కేక పడ్డాక పరుగు. విరిగిన కొడవలి మొనతో నేల తవ్వుకుంటూ పోవాలి.

"వాన బాగుంటే చెట్టుతో పాటు కాయలన్నీ వచ్చేస్తాయి సార్. వాన లేని యేడు నేల బిగిసి కాయ లోపలే తెగిపోతాది. పంట పోయిన యేడే మాకు ఎక్కువ దొరికేది" అంది బయమ్మ, అదేదో తమ తప్పైనట్టు తల వంచుకుని.

సారు లేచి నోటుబుక్కు తెచ్చాడు. గ్లీన్ అనే మాట చూపించాడు. రెండు వేల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో ఆడవాళ్ళు గోధుమ చేలల్లో ఇదే పని చేసి ఉంటారనీ, ఆ భాష పోయినా ఈ మాట మిగిలిందనీ చెప్పాడు. బయమ్మ తల ఎత్తింది.

"వాళ్ళు గూడ గట్టు మీద కాచుకోని ఉండేవాళ్ళా సార్?"

"ఉండే ఉంటారు."

"అంత పెద్ద బాస పోయి, ఈ మాట ఎట్ల మిగిలింది?"

"నాకూ తెలీదు. ఆ పని ఎవురికీ తప్పలేదు గదా, అందుకేమో."

ఆ రోజు నుంచి పిల్ల మారిపోయింది. ఒక తల్లి బిడ్డల్లా వచ్చే మాటలు ఆమెకు ఇట్టే పట్టుబడ్డాయి. కార్ తెలిస్తే క్యారీ తెలిసింది, క్యారీ తెలిస్తే క్యారేజీ. కరువు పనిలో తల్లి కొట్టే కంకరను గ్రావెల్ అంది. సంక్రాంతి దాటేసరికి నలభై మూడు మాటలతో నలభై మూడు సొంత వాక్యాలు రాసుకొచ్చింది. ఎక్కడా గైడు చూడలేదు. తప్పులున్నాయి గానీ, వాక్యాలు మాత్రం ఆమెవే. సారు ఆ కాగితాలు పట్టుకుని హెడ్మాస్టరు గదికి పరుగెత్తాడు.

హనుమంతప్ప కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. "బాగుండాదప్పా. పిల్లకు తెలివుంది. ఇప్పుడు నా మాట విను. మూడు వ్యాసాలు, రెండు జాబులు, ఖాళీలు పూరించేది. ఇవి నూరిపొయ్యి. ముప్ఫై అయిదు చాలు మనకు. ఈ గాలి మాటలు పాసైనాక చెప్పుకోవచ్చు."

"బట్టీ పట్టే రెండు తూర్లు తప్పింది సార్ ఆ పిల్ల."

"అందుకే ఇంకా గట్టిగా పట్టించు అంటాండా."

సారుకు కోపం వచ్చింది. ఎవరూ వినని మాటలు ఇరవై రెండేళ్ళుగా మోసుకు తిరుగుతున్నవాడికి, వినే మనిషి ఒక్కరు దొరికితే ఏమవుతుంది? కళ్ళు నెత్తికెక్కుతాయి. ఈయనకూ ఎక్కాయి. వ్యాసాలు చెప్పలేదని కాదు. చెప్పాడు, మొక్కుబడిగా. జాబు ఒకటి రాయించాడు. ఖాళీలు రేపు చూద్దామన్నాడు. రోజూ సాయంత్రం గంటసేపు కూర్చుంటే అందులో ముప్పావు గంట ఆ పోయిన జనం కబుర్లే. ఇంటి దగ్గర ఓబమ్మ పొద్దున గంజి, సాయంత్రం ఉడకబెట్టిన పరిగె కాయలతో రోజులు నెట్టుకొస్తోందని ఆయనకు తెలుసు. తెలిసే చేశాడు. పిల్ల దారిలో పడుతోందని తనకు తానే చెప్పుకున్నాడు.

మార్చిలో ఉరవకొండలో పరీక్ష. సారు గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు, పక్కన ఓబమ్మ గుడ్డలో కట్టిన రొట్టెతో. గంట కొట్టారు. బయమ్మ ముఖం వెలిగిపోతూ వచ్చింది. ఆ ముఖం చూసి సారుకు కూడా ధైర్యం వచ్చింది.

"సార్, వ్యాసం ఏమిచ్చినారో తెలుసా? మీ ఊళ్ళో పంట కోత గురించి రాయమన్నారు. నేను పరిగె గురించి రాసినా. గట్టు మీద కాచుకునేది, కేక వేసేది, కొడవలి మొన, అన్నీ రాసినా. గ్లీన్ అనేది ఎవురి మాటో, వాళ్ళు ఎట్ల పోయినారో అదీ రాసినా. ఆరు పేజీలైంది. అడిషనల్ పేపరు అడిగి తీసుకున్యా. ఒక్క ముక్క గూడ మర్చిపోల్యా సార్."

"జాబు రాసినావా?" అన్నాడు సారు.

"దానికి టైము లేకపాయె."

"ఖాళీలు?"

"సగం పెట్టినా."

"పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతారే, అవి?"

"రెండు రాసినా సార్."

వ్యాసానికి ఉన్నదే పదిహేను మార్కులు. ఆరు పేజీలు కాదు, అరవై పేజీలు రాసినా పదిహేనుకు మించి పడవు. ఈ ఒక్క ముక్క ఆ పిల్లకు చెప్పాలని నాలుగు నెలల్లో ఒక్కసారీ తోచలేదే తనకు. మామూలు టీచరు ఎవడైనా మొదటి రోజే చెప్పే మాట అది. ఆయన మనసులో మార్కులు ఒకటికి రెండుసార్లు కూడుకున్నాడు. ఎటు నుంచి కూడినా ముప్ఫై, ముప్ఫై మూడు మధ్యనే ఊగింది.

"ఏం సార్, గట్టెక్కుతాదా?" అని ఓబమ్మ అడిగింది.

"చూద్దాం ఓబమ్మా" అన్నాడు. బయమ్మ వైపు తిరిగి "బాగా రాసినావమ్మా" అన్నాడు. అది నిజమే. అదే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఏప్రిల్‌లో పేపర్లు దిద్దడానికి సారుకు వేరే జిల్లాలో ఒక పెద్ద స్కూలుకు డ్యూటీ పడింది. పన్నెండేళ్ళుగా పోతున్న పనే. పొడుగాటి హాలు, వరసగా బల్లలు, పొద్దున ముప్ఫై పేపర్లు, మధ్యాహ్నం ముప్ఫై. మన జిల్లా పేపర్లు మనకు రావు. అవి ఏ ఊళ్ళో ఎవరి బల్ల మీద పడతాయో ఎవరికీ తెలియదు. వ్యాసాలు దిద్దడానికి అందరికీ ఒకటే పద్ధతి. మొదటి వాక్యం, చివరి వాక్యం, ఎంత పొడుగుందో ఒక చూపు, అంతే. మధ్యలో చదువుతూ కూర్చుంటే లెక్క తెమలదు. ఈశ్వరప్ప సారూ పన్నెండేళ్ళూ అట్లాగే దిద్దాడు. అందులో తప్పుందని ఆయనకు ఎన్నడూ అనిపించలేదు.

ఆ ఏడు మాత్రం మొదటి రోజు పొద్దున ప్రతి వ్యాసం అక్షరం అక్షరం చదివాడు. టీ గంట కొట్టేసరికి తొమ్మిది పేపర్లే అయ్యాయి. తొమ్మిదో పేపర్లో ఎవరో పిల్లవాడు, పంట కోత గురించి రాయమంటే, కోతల వేళ తమ బర్రె చచ్చిపోయిన సంగతి రాశాడు. వచ్చీరాని ఇంగ్లీషు. అయినా సారు దాన్ని రెండోసారి కూడా చదివాడు. మొత్తం కూడితే ముప్ఫై రెండు వచ్చింది. సారు అటూ ఇటూ చూసి వ్యాసానికి ఇంకో మూడు కలిపి ముప్ఫై అయిదు చేశాడు. తాను ఈ పిల్లవాడికి చేసినట్టే, ఎక్కడో ఎవరో తన బయమ్మకు చెయ్యకపోతారా అనుకున్నాడు. దేవుడికి మొక్కుకున్నంత గట్టిగా అనుకున్నాడు.

పై అధికారి మళ్ళీ చూసే పేపర్లలో అది కూడా పడింది. ఆయన సారును పిలిచాడు.

"ఈ మూడు మార్కులు ఎందుకు వేశారు మాస్టారూ?"

"పిల్లోడు సొంతంగా రాసినాడు సార్. ఒక్కసారి చదివి చూడండి."

ఆయన పేపరు తీసుకున్నాడు. మొదటి వాక్యం చూశాడు, చివరి వాక్యం చూశాడు, మధ్యలో పుట తిప్పాడు. "చదివాను. జాలిపడి వెయ్యడానికి వీల్లేదండీ. మీ బల్ల మీద ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి, భోజనానికి లేచేలోగా అవి కానివ్వండి" అని ఎర్ర సిరాతో ముప్ఫై రెండు చేసి సంతకం పెట్టాడు.

సారు తన బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఏం చేస్తాడు? పెన్ను తీశాడు. మొదటి వాక్యం, చివరి వాక్యం. మొదటి వాక్యం, చివరి వాక్యం. ఇరవై ఒక్కటీ భోజనం గంట కొట్టేలోపు తెమిల్చాడు.

మే నెలాఖరున పేపర్లో నంబర్లు పడ్డాయి. బయమ్మ నంబరు లేదు. దానికి ముందుదీ ఉంది, వెనకదీ ఉంది. తర్వాత పది రోజులకు మార్కుల కాగితం వచ్చింది. ఇంగ్లీషు ముప్ఫై మూడు.

సారు ఊరుకోలేదు. తిరిగి చూడమని అర్జీ పెట్టాడు. కూడిక సరిగ్గా ఉందో లేదో చూస్తారు గానీ మళ్ళీ దిద్దరని, కూడిక సరిగ్గానే ఉందని అచ్చు కాగితం ఒకటి వచ్చింది. అనంతపురం పోయి నర్సమ్మల శిక్షణ సంగతి విచారించాడు. రెండు మార్కులే తగ్గాయనీ, సైన్సులో డెబ్భై ఉన్నాయనీ చెప్పి చేతులు జోడించాడు. రూలు ఒప్పుకోదని అక్కడి గుమస్తా మర్యాదగానే చెప్పాడు. తిట్టి పంపినా బాగుండేది. తిరుగు బస్సులో ఆయన తల కిటికీకి ఆనించుకుని కూర్చున్నాడు. ఉరవకొండ వచ్చిందని కండక్టర్ చెప్పేదాకా ఆయనకు తెలియలేదు.

సారు తర్వాత ఏమయ్యాడో ఇక్కడే చెప్పేస్తే సరి. ఆయన ఇంకో ఏడేళ్ళు పని చేశాడు. మూడు వ్యాసాలు, రెండు జాబులు, ఖాళీలు. పిల్లలకు నూరిపోశాడు. ఇంగ్లీషులో పాసయ్యేవాళ్ళు సగం లోపు నుంచి ముప్పాతికకు పెరిగారు. ఎనభై ఎనిమిదిలో రిటైరైన రోజు శాలువా కప్పి, ఈ స్కూలు పేరు నిలబెట్టిన ఇంగ్లీషు మాస్టరని పొగిడారు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఆయన మళ్ళీ ఎన్నడూ ఏ మాట కథా చెప్పలేదు. నోటుబుక్కు ఏమైందో నాగలక్ష్మమ్మకు కూడా తెలీదు. తెలుసుకుందామని ఆమె ఒకసారి అడిగితే, "అవన్నీ యాల ఇప్పుడు" అని లేచి బయటికి పోయాడు.

ఇక ఆ జూన్ నెల సంగతి.

మేస్త్రీ లారీ మధ్యాహ్నం వచ్చి స్కూలు పక్కన ఆగింది. పదకొండు ఇళ్ళవాళ్ళు పోతున్నారు. చట్లు, పారలు, చాపల చుట్టలు, గంపల కింద కోళ్ళు అన్నీ ఎక్కిస్తున్నారు. సారు క్లాసు మధ్యలో సుద్దముక్క చేతిలో పెట్టుకునే బయటికి వచ్చాడు. ఒక మాట సిద్ధం చేసుకుని వచ్చాడు. తప్పు నాదే ఓబమ్మా, పిల్లది కాదు. అంతే ఆ మాట. నాలుగు రోజులుగా దాన్ని మనసులో అనుకుంటూ తిరుగుతున్నాడు.

ఓబమ్మ మూట దించి నమస్కారం పెట్టింది. "పోయొస్తాం సార్. మీరు శానా కష్టపడినారు దీని కోసరం. కన్నతండ్రి గూడ అంత చెయ్యడు. దీని రాత అట్లుండాది, ఎవురేం చేస్తారు" అంది.

సారు నోరు తెరిచాడు. ఇప్పుడు తప్పు నాదంటే, నాలుగు నెలలు ఆ తల్లి పస్తులుండి నిలిచిపోయింది దేనికో కూడా చెప్పాలి. చెప్పలేకపోయాడు.

బయమ్మ పార భుజాన పెట్టుకుని దగ్గరకొచ్చింది. ఏడ్చిన గుర్తు ఏమీ లేదు.

"సార్, ఒక మాట అడగల్ల."

"అడుగమ్మా."

"నా పేపరు దిద్దిన ఆయప్ప, నేను రాసింది చదివింటాడా?"

సారు కళ్ళ ముందు ఆ హాలు, ఆ బల్లలు, తన చెయ్యి పుటలు తిప్పిన తీరు కదిలాయి. చదవలేదని చెబితే ఆ ఆరు పేజీలను ఈ లోకంలో ఎవరూ చూడలేదని చెప్పినట్టే. ఆ పిల్ల జీవితంలో సొంతంగా రాసిన మొదటి ఆరు పేజీలు అవి. మళ్ళీ రాస్తుందో లేదో.

"చదివింటాడమ్మా" అన్నాడు. "అంతా చదివింటాడు."

బయమ్మ ముఖం ఒక్క క్షణం విచ్చుకుంది. పరీక్ష రోజు గేటు దాటి వచ్చినప్పటిలాగే. తర్వాత కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"అంతా చదివీ తప్పించినాడా సార్?" అంది.

నిష్ఠూరం కాదది. తెలుసుకుందామనే అడిగింది, నాలుగు నెలలూ సాయంత్రాలు అడిగినట్టే. ఇందాకటి మాట అబద్ధమని ఇప్పుడు చెప్పాలి, లేకపోతే నువ్వు రాసింది చదివినా పాసుకు పనికిరాలేదని చెప్పాలి. రెండింటికీ ఆయనకు నోరు రాలేదు.

లారీ హారన్ కొట్టింది. పొద్దు పోతాందని మేస్త్రీ అరిచాడు. ఓబమ్మ కూతురి రెక్క పట్టి పైకి లాగింది. బయమ్మ లారీ వెనక తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. లారీ కదిలింది. జవాబు చెబుతాడేమోనని, దుమ్ములో మనుషులు కనబడకుండా పోయేదాకా ఆ పిల్ల సారు వైపే చూస్తూ ఉంది.